పన్నెండు పాటల ప్యాట్సీ

బతికుండగా ఆమె పేరిట వచ్చిన ఆల్బములు మూడే మూడు. పోయిన నాలుగేళ్లకు కంపెనీ తెచ్చిన ఒక పాటల సంకలనం మాత్రం అమెరికాలోనే కోటి ప్రతుల లెక్కకు చేరింది. కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ ‘గ్రేటెస్ట్ హిట్స్’ కథ ఇది.

1967 మార్చిలో డెక్కా రికార్డుల కంపెనీ ఒక ఎల్పీ విడుదల చేసింది. వైపుకు ఆరు చొప్పున పన్నెండు పాటలు. అన్నీ కలిపి వింటే అరగంట పైచిలుకు. వాటిలో కొత్త పాట ఒక్కటీ లేదు. పాడిన మనిషి 1963లోనే విమాన ప్రమాదంలో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 30 ఏళ్లు.

ఇలాంటి సంకలనాలు ఏ కంపెనీకైనా మామూలు వ్యాపారమే. స్టూడియో ఖర్చు లేదు, వాద్యకారుల కూలీ లేదు. బీరువాలో ఉన్న పాత టేపులను ఒకచోట పేర్చి, అట్ట మీద బొమ్మ వేసి అమ్మేస్తారు. సంగీత విమర్శకులు కూడా వీటిని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఈ ఎల్పీ కూడా వచ్చిన ఏడాది పెద్ద సంచలనమేమీ సృష్టించలేదు. కానీ దుకాణాల్లోంచి ఎన్నడూ మాయం కాలేదు. ఎల్పీల కాలం పోయి క్యాసెట్లు వచ్చాయి, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, ఇది మాత్రం అమ్ముడవుతూనే ఉంది. 2005 నాటికి కోటి ప్రతులకు ఇచ్చే డైమండ్ గుర్తింపు దక్కింది. అమెరికా పాత కంట్రీ ఆల్బముల చార్టులో 700 వారాలకు పైగా నిలిచి, గాయనుల ఆల్బములన్నిటిలోకీ ఎక్కువ కాలం చార్టులో ఉన్నదిగా గిన్నిస్ రికార్డుకెక్కింది.

పాటలు బాగున్నాయి కాబట్టి అమ్ముడయ్యాయి అనేస్తే సరిపోదు. బాగున్న పాటలు చాలామందికి ఉన్నాయి. ఈ పన్నెండు పాటలు ఎప్పుడు రికార్డయ్యాయో వరసగా రాసుకుని చూస్తే అసలు విషయం బయటపడుతుంది. మొదటిది 1960 నవంబరు, చివరిది 1963 ఫిబ్రవరి. మధ్య కాలం 27 నెలలు. ఒక గాయని తనకు నప్పిన పాటను, తనను ఎరిగిన నిర్మాత దగ్గర, తన గొంతు పూర్తిగా పండిన వేళ పాడుకోగలిగిన కాలం అంతే. కంపెనీ వ్యాపారం కోసం కూర్చిన ఈ రికార్డు, తెలిసో తెలియకో, ఆ 27 నెలలను చెక్కుచెదరకుండా దాచిపెట్టింది.

మందుల దుకాణంలో అమ్మాయి

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో, అపలాచియన్ కొండల్లో పుట్టింది. బ్రిటన్, ఐర్లండ్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్ల కథాగేయాలు, ఫిడేలు, ఆఫ్రికన్ అమెరికన్ల బాంజో, బ్లూస్, చర్చి కీర్తనలు కలగలిసిన పాట అది. 1920లలో రేడియో, గ్రామఫోను దాన్ని ఊళ్లు దాటించాయి. టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం నుంచి 1925లో మొదలైన ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే రేడియో కార్యక్రమం దానికి పీఠమైంది. ఆప్రీ వేదిక ఎక్కడమే ఆ సంగీతంలో ప్రతి కుర్ర గొంతుకూ కల.

వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్లీ 1932 సెప్టెంబరు 8న వర్జీనియా రాష్ట్రంలోని విన్‌చెస్టర్‌లో పుట్టింది. తల్లి హిల్డాకు అప్పుడు 16 ఏళ్లు. తండ్రి శామ్ కమ్మరి పని చేసేవాడు. కుటుంబం పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగింది. 1947లో తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి బట్టలు కుట్టి పిల్లలను పోషిస్తుంటే, పెద్దపిల్ల చదువు మానేసి ఊళ్లోని మందుల దుకాణంలో సోడా కౌంటర్ దగ్గర పనికి కుదిరింది. పగలు ఆ పని, రాత్రి క్లబ్బుల్లో పాట.

సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. స్వరలిపి చదవడం చివరిదాకా రాలేదు. పదమూడేళ్ల వయసులో రుమాటిక్ జ్వరం ప్రాణం మీదికి తెచ్చిందనీ, అది తగ్గాక గొంతు ఇలా గంభీరంగా మారిందనీ ఆమె తానే చెప్పుకునేది. వైద్యం ఆ మాటను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ గొంతు మాత్రం నిజం. స్త్రీ గాత్రాల్లో కింది స్థాయిలో నిండుగా మోగుతుంది, పైకి వెళ్తే పలచబడదు. పద్నాలుగేళ్ల పిల్ల తనంతట తానే ఊరి రేడియో స్టేషనుకు వెళ్లి, పాడే అవకాశమివ్వమని అడిగింది.

‘ప్యాట్సీ’ పేరు పెట్టింది బిల్ పీర్ అనే బ్యాండు నాయకుడు. ఆమె పేరులోని ప్యాటర్సన్‌ను కుదించి అలా పిలిచాడు. 1953లో జెరాల్డ్ క్లైన్‌ను పెళ్లాడాక ‘క్లైన్’ వచ్చి చేరింది. ఆ పెళ్లి నాలుగేళ్లకే ముగిసినా పేరు నిలిచిపోయింది. వేదిక మీద ఆమె వేసుకునే అంచుల కుచ్చుల కౌగర్ల్ దుస్తులన్నీ తల్లి చేతి కుట్టే. తానే బొమ్మ గీసి ఇచ్చేది, హిల్డా కుట్టేది.

చేతులు కట్టేసిన కాగితం

1954లో కాలిఫోర్నియాకు చెందిన ఫోర్ స్టార్ అనే చిన్న కంపెనీతో ప్యాట్సీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. రాయల్టీ తక్కువ. అంతకంటే పెద్ద ఉరి మరొకటి ఉంది. ఆ కంపెనీకి హక్కులున్న పాటలు తప్ప వేరేవి పాడకూడదు. నాష్‌విల్‌లో గొప్ప రచయితలు ఎన్ని మంచి పాటలు రాస్తున్నా, అవి ఆమె దాకా రావు. పాట పాడితే హక్కుల డబ్బు కంపెనీకే తిరిగి రావాలన్నది లెక్క.

ఆ ఒప్పందం కింద 51 పాటలు రికార్డయ్యాయి. వాటిలో నిజంగా జనంలోకి వెళ్లిన రికార్డు ఒక్కటే, ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’. అర్ధరాత్రి దాటాక ప్రియుడి కోసం వీధుల్లో తిరిగే స్త్రీ పాట అది. మొదట ఆమెకది నచ్చలేదు. కంట్రీ పాటలా లేదంది. 1957 జనవరి 21న ఆర్థర్ గాడ్‌ఫ్రీ టీవీ కార్యక్రమం ‘టాలెంట్ స్కౌట్స్’లో పోటీకి వెళ్లింది. అక్కడ గాయకులను ఎవరో ఒకరు వెతికి తెచ్చినట్టు పరిచయం చేయాలి, దగ్గరి బంధువులు పనికిరారు. హిల్డా తల్లినన్న సంగతి చెప్పకుండా కూతురిని పరిచయం చేసింది. కార్యక్రమం వాళ్లు కౌగర్ల్ దుస్తులు వద్దన్నారు, నగరపు గౌను వేయించారు, పాట కూడా వాళ్లే ఎంచారు. ప్యాట్సీ గెలిచింది. రికార్డు కంట్రీ చార్టులో రెండో స్థానానికి, పాప్ చార్టులో 12వ స్థానానికి చేరింది.

కంట్రీ గాయని పాట పాప్ చార్టులో అంత పైకి పోవడం అప్పట్లో అరుదు. ఆ ఊపులో మరో పాట రావాలి. రాలేదు. ఒకటి తర్వాత ఒకటి రికార్డులు వచ్చి పోయాయి. 1957లో చార్లీ డిక్‌తో రెండో పెళ్లి, మరుసటి ఏడాది కూతురు జూలీ. పేరుంది, పాట లేదు. మూడేళ్లు అలాగే గడిచిపోయాయి.

రేకుల షెడ్డులో కొత్త ధ్వని

1960 ఆమెకు తలుపులు తెరిచిన సంవత్సరం. జనవరిలో ఆప్రీ సభ్యత్వం దొరికింది. ఫోర్ స్టార్ ఒప్పందం గడువు తీరింది. డెక్కా కంపెనీ నేరుగా తీసుకుంది. డెక్కాకు నాష్‌విల్ బాధ్యుడు ఓవెన్ బ్రాడ్లీ. పియానిస్టు, ఒకప్పటి డ్యాన్స్ బ్యాండు నాయకుడు. ఫోర్ స్టార్ రోజుల్లోనూ ఆమె పాటలు రికార్డు చేసింది ఆయనే కాబట్టి ఆ గొంతులో ఏముందో బాగా తెలుసు. ఇన్నాళ్లకు చేతికి మంచి పాటలు వచ్చే వీలు కలిగింది.

బ్రాడ్లీ స్టూడియో నాష్‌విల్ 16వ అవెన్యూ సౌత్‌లో ఒక పాత ఇల్లు. ఆ ఇంటికి ఆనించి, సైన్యం వాడే అర్ధచంద్రాకారపు రేకుల షెడ్డు ఒకటి నిలబెట్టారు. దాన్ని అందరూ ‘క్వాన్‌సెట్ హట్’ అనేవారు. ఇప్పుడు మ్యూజిక్ రో అని ప్రపంచమంతా పిలుస్తున్న పేట ఆ షెడ్డు చుట్టూ పెరిగిందే.

అప్పటి కంట్రీ సంగీతం కష్టకాలంలో ఉంది. ఎల్విస్ ప్రెస్లీ రాకతో రాక్ అండ్ రోల్ కుర్రకారును లాగేసుకుంది. డెక్కాలో బ్రాడ్లీ, ఆర్సీఏ కంపెనీలో చెట్ ఆట్కిన్స్ దీనికొక దారి కనిపెట్టారు. ఫిడేలు, స్టీల్ గిటార్ల గరుకును తగ్గించి, వాటి చోట వయొలిన్ల బృందం, మెత్తని కోరస్, జాగ్రత్తగా వాయించే పియానో పెట్టారు. పల్లె పాటకు పట్నపు నునుపు. ‘నాష్‌విల్ సౌండ్’ అని పేరొచ్చింది. కంట్రీ ప్రాణం పోయిందని పాతకాలం వాళ్లు బాధపడ్డారు. ఆ బాధకు కారణం ఉంది కూడా. ఆ నునుపులో చాలా గొంతులు జారిపోయాయి. ప్యాట్సీ గొంతు మాత్రం జారలేదు. అడుగున ఉన్న గరుకు, ఏడుపు అంచున ఆగే విరుపు, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే తీరు ఆ మెత్తని నేపథ్యం మీద మరింత స్పష్టంగా వినిపించాయి.

ఆమె మాత్రం దీనికి సులువుగా ఒప్పుకోలేదు. హుషారు పాటలు, గొంతును పైకీ కిందికీ విరుస్తూ పాడే యోడలింగ్ ఆమెకు ఇష్టం. నెమ్మదిగా సాగే విషాద గీతాలే నీ బలం అని బ్రాడ్లీ పట్టు. 1960 నవంబరు 16న రికార్డు చేసిన ‘ఐ ఫాల్ టు పీసెస్’ ఆ పట్టు గెలిచిన పాట. హ్యాంక్ కాక్రన్, హార్లన్ హౌవర్డ్ రాశారు. విడిపోయిన ప్రియుడు స్నేహితుల్లా ఉందామంటాడు, ఎదురుపడిన ప్రతిసారీ ఆమె ముక్కలైపోతుంది. గాయని బ్రెండా లీ ఈ పాట వద్దంది. గాయకుడు రాయ్ డ్రస్కీ కూడా కాదన్నాడు, ఇది ఆడవాళ్లు పాడాల్సిన పాట అన్నాడు. అలా చేతులు మారి వచ్చిన పాట ఇది. కోరస్‌కు ఎల్విస్ పాటలకు పాడే జోర్డనేర్స్ బృందం వస్తోందని తెలిసి, నలుగురు మగవాళ్ల గొంతుల్లో తన గొంతు మునిగిపోతుందని ఆమె కంగారు పడింది.

1961 జనవరిలో విడుదలైన రికార్డు నత్తనడకన పైకి పాకింది. రేడియో స్టేషన్ల వెంట తిరిగి తిరిగి, ఆగస్టుకు కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. పాప్ చార్టులో 12. తన మొదటి నంబర్ వన్‌ను ప్యాట్సీ పూర్తిగా పండగ చేసుకోలేకపోయింది. ఆ జూన్ 14న నాష్‌విల్‌లో ఆమె ప్రయాణిస్తున్న కారును మరో కారు ఎదురుగా ఢీకొంది. విసురుగా వెళ్లి ముందు అద్దానికి కొట్టుకుంది. నుదురు చీలింది, ఎముకలు విరిగాయి. నెలపాటు ఆస్పత్రి.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి రేడియోలో కొత్త గాయని ఒకామె ‘ఐ ఫాల్ టు పీసెస్’ పాడి, ఆస్పత్రిలో ఉన్న ప్యాట్సీకి అంకితమిచ్చింది. మంచం మీద నుంచి విన్న ప్యాట్సీ, ఆ అమ్మాయిని వెంటనే తీసుకురమ్మని భర్తను పంపింది. వచ్చిన ఆ అమ్మాయి లోరెట్టా లిన్. తర్వాతి రోజుల్లో కంట్రీ సంగీతాన్ని ఏలిన గాయని. దుస్తులివ్వడం, వేదిక మీద ఎలా నిలబడాలో చెప్పడం, డబ్బు ముందే లెక్కపెట్టి తీసుకోమని నేర్పడం, ఇవన్నీ ప్యాట్సీ నుంచే అందుకున్నానని లోరెట్టా జీవితాంతం చెప్పింది. తోటి గాయనులు డాటీ వెస్ట్, బ్రెండా లీ, అప్పటికి పదమూడేళ్ల పిల్ల బార్బరా మాండ్రెల్, అందరికీ ఆమె అక్కలా నిలబడింది.

ఒక పాటకు ఒక రాత్రంతా

అప్పటికి విల్లీ నెల్సన్ నాష్‌విల్‌కు కొత్త. చేతిలో డబ్బు లేక పాటల హక్కులు చిల్లరకు అమ్ముకున్న రచయిత. ఆప్రీ వేదిక ఉన్న రైమన్ హాలు వెనక ‘టూట్సీస్’ అనే బార్ ఉంది. పాటగాళ్లంతా చేరేది అక్కడే. తన ‘క్రేజీ’ పాట నమూనాను విల్లీ అక్కడ చార్లీ డిక్‌కు వినిపించాడు. వెంటనే ఇంటికి పద, ప్యాట్సీకి వినిపిద్దాం అని చార్లీ అర్ధరాత్రి బయల్దేరదీశాడు. నిద్రపోతున్న ఇల్లాలిని లేపడానికి మొహమాటపడి విల్లీ కారులోనే కూర్చుండిపోయాడు. ప్యాట్సీయే వచ్చి లోపలికి తీసుకెళ్లింది.

ఆమెకు పాట నచ్చలేదు. విల్లీ తాళానికి కాస్త ముందో వెనకో పదాలు వదులుతూ, మాట్లాడుతున్నట్టు పాడతాడు. అలా పాడటం తన వల్ల కాదంది. అతడి పద్ధతి వదిలెయ్, నీ పద్ధతిలో పాడు అని బ్రాడ్లీ నచ్చజెప్పాడు. ప్రేమించి మోసపోయిన స్త్రీ, తప్పంతా తన వెర్రితనానిదేనని తనను తానే నిందించుకునే పాట అది.

1961 ఆగస్టు 21న చంకకర్రలతో స్టూడియోకు వచ్చింది. పక్కటెముకలు ఇంకా కట్టుకోలేదు. పై స్థాయి స్వరాలకు ఊపిరి అందడం లేదు. నాష్‌విల్ స్టూడియోలకు ఒక లెక్క ఉంది. మూడు గంటల కాల్‌షీట్‌లో మూడు నాలుగు పాటలు పూర్తి కావాలి. ఆ రోజు మొత్తం సమయం ఒక్క పాటకే పోయింది, అయినా గాత్రం కుదరలేదు. బ్రాడ్లీ కంగారు పడలేదు. వాద్యాలను మాత్రం సంపూర్ణంగా రికార్డు చేయించి, ఆమెను ఇంటికి పంపేశాడు. పియానో మీద ఫ్లాయిడ్ క్రేమర్. పాడేవారికి తర్వాత మళ్లీ అవకాశం ఉందన్న ధైర్యం అప్పటికి కొత్త. వేరు వేరు ట్రాకుల మీద రికార్డు చేసే యంత్రం ఉండబట్టి అది వీలైంది. కొన్ని వారాల తర్వాత నొప్పి తగ్గి తిరిగొచ్చి, ఆ వాద్యాల మీద ఆమె ఒక్క టేక్‌లో పాడేసింది.

ఇప్పుడు మనం వినే ‘క్రేజీ’ అదే. మొదటి పదాన్ని పైనుంచి కిందికి దించే ఆ తీరులో ఎక్కడా ఆయాసం లేదు. పాప్ చార్టులో తొమ్మిదో స్థానం, కంట్రీలో రెండు. ఆ నవంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఆప్రీ బృందంతో పాడింది. మరుసటి ఏడాది చివర లాస్ వేగాస్‌లో 35 రోజులు పాడింది.

1961 డిసెంబరులోనే మరో పాట కుదిరింది. నీ తర్వాతి నంబర్ వన్ రాశానని హ్యాంక్ కాక్రన్ ఫోన్ చేస్తే, వచ్చేటప్పుడు ఒక సీసా పట్టుకురమ్మందట. ‘షీజ్ గాట్ యు’ అనే ఆ పాటలో ఒక స్త్రీ తన దగ్గర మిగిలిన వస్తువులు లెక్కపెడుతుంది. అతడి ఫొటో, ఇద్దరూ కలిసి విన్న రికార్డులు, ఉంగరం. అన్నీ తన దగ్గరే ఉన్నాయి, అతడు మాత్రం మరొకామె దగ్గర. 1962లో అది నిజంగానే మొదటి స్థానానికి వెళ్లింది.

కామ్డెన్ దగ్గర

1963 ఫిబ్రవరి తొలి వారంలో ప్యాట్సీ నాలుగు రోజుల పాటు స్టూడియోలో ఉంది. నాలుగో తేదీన బాబ్ విల్స్ పాత పాట ‘ఫేడెడ్ లవ్’, ఐదున డాన్ గిబ్సన్ రాసిన ‘స్వీట్ డ్రీమ్స్’ పాడింది. ‘ఫేడెడ్ లవ్’ చివరి మాటకు ముందు ఆమె తీసుకున్న ఊపిరి స్పష్టంగా వినిపిస్తుంది. గొంతు బొంగురుపోయి, పైకి ఎక్కాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, గుండెల నిండా గాలి తీసుకుని ఆ పదం అందుకుంది. ఆ ఊపిరి చప్పుడును తీసేయడం బ్రాడ్లీకి కష్టమేమీ కాదు. అలాగే ఉంచేశాడు.

మార్చి 3న కాన్సస్ సిటీలో, కారు ప్రమాదంలో చనిపోయిన ఒక రేడియో వ్యాఖ్యాత కుటుంబం కోసం సహాయ కచేరీ జరిగింది. ప్యాట్సీ జ్వరంతోనే పాడింది. మర్నాడు పొగమంచు వల్ల విమానం కదల్లేదు. కారులో వెళ్దాం రమ్మని డాటీ వెస్ట్ పిలిచింది. ఇంటి దగ్గర నాలుగేళ్ల జూలీ, రెండేళ్ల ర్యాండీ ఉన్నారు, విమానమైతే తొందరగా చేరతానని ప్యాట్సీ ఆగింది. 5న మేనేజరు ర్యాండీ హ్యూస్ నడిపే చిన్న పైపర్ విమానంలో బయల్దేరారు. టెన్నెసీలోని డయర్స్‌బర్గ్‌లో ఇంధనం కోసం దిగినప్పుడు, వాతావరణం బాగాలేదు, రాత్రికి ఆగమని అక్కడివాళ్లు చెప్పారు. ఆగలేదు. కొద్దిసేపటికే కామ్డెన్ దగ్గర అడవిలో విమానం కూలిపోయింది. ఆమెతో పాటు హ్యూస్, ఆప్రీ గాయకులు కౌబాయ్ కోపాస్, హాక్‌షా హాకిన్స్ చనిపోయారు.

కూర్పులోని తెలివి

‘గ్రేటెస్ట్ హిట్స్’ అన్న మాటను పట్టుకుని చార్టులు తిరగేస్తే ఈ ఎల్పీలో లెక్క కుదరదు. 1962లో కంట్రీ మొదటి పదిలోకి వచ్చిన ‘వెన్ ఐ గెట్ త్రూ విత్ యు’ ఇందులో లేదు. వేరే పాటలకు వెనక వైపున వచ్చిన ‘స్ట్రేంజ్’, ‘వై కాంట్ హీ బి యు’ ఉన్నాయి. అంటే కూర్చినవాళ్లు అమ్మకాల జాబితాను ఎత్తి రాయలేదు, చెవితో ఎంచారు. చురుకైన, ఆటపట్టించే పాటను వదిలి, ఒకే రసానికి చెందినవాటిని చేర్చారు. పన్నెండింటిలో సంతోషంగా ముగిసే పాట ఒక్కటే, ‘బ్యాక్ ఇన్ బేబీస్ ఆర్మ్స్’. దాన్ని రెండో వైపు మొదట్లో పెట్టారు. రికార్డు తిప్పిన వెంటనే కాస్త ఊపిరి పీల్చుకునే చోటు. ఆ తర్వాత మళ్లీ విరహమే.

విరహం అంటే ఒకే రకం ఏడుపు అనుకుంటే పొరపాటు. ‘స్ట్రేంజ్’లో ఆశ్చర్యం ఉంది, నిన్నటిదాకా నావాడు ఇవాళ ఇంకొకరి పక్కన ఎలా అని. ‘సో రాంగ్’లో పశ్చాత్తాపం. ‘వై కాంట్ హీ బి యు’లో ఇంకా లోతైన చిక్కు. కొత్తగా వచ్చినవాడు మంచివాడే, ప్రేమిస్తున్నాడు, లోపమల్లా వీడు ఆ పాతవాడు కాకపోవడమే. ‘లీవిన్ ఆన్ యువర్ మైండ్’లో వెళ్లదలుచుకుంటే ఇప్పుడే చెప్పేయమనే అభిమానం. మన ఆలంకారికులు విప్రలంభ శృంగారానికి ఎన్ని ఛాయలు చెప్పారో, ఈ అరగంటలో దాదాపు అన్నీ వినిపిస్తాయి. వాటిలో నాలుగు పాటలకు హ్యాంక్ కాక్రన్ చేయి ఉంది. ఆల్బములో మూడో వంతు. ఫోర్ స్టార్ కాగితం చేతికి ఉన్నన్నాళ్లూ ఆ నాలుగూ ఆమె పాడగలిగేవి కావు.

వరసలోనూ ఒక విశేషం ఉంది. తేదీల ప్రకారం పేర్చలేదు. మొదటి పాట ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’, ఆమెను లోకానికి చూపిన పాట. దాని పక్కనే రెండో పాట ‘స్వీట్ డ్రీమ్స్’, చనిపోవడానికి నెల ముందు పాడింది, తర్వాత విడుదలైంది. ఆరంభం, అంతం ఐదు నిమిషాల్లో ఎదురెదురుగా నిలుస్తాయి. ఇంకో ముఖ్య విషయం, ఇందులోని ‘వాకిన్’ 1957లో టీవీలో గెలిచినప్పటిది కాదు. 1961లో డెక్కా కోసం, బ్రాడ్లీ కొత్త పద్ధతిలో, జోర్డనేర్స్ కోరస్‌తో మళ్లీ పాడింది. అందువల్లే ఈ ఎల్పీలో ఫోర్ స్టార్ నాటి ధ్వని ఒక్క నిమిషం కూడా లేదు. ఆ పాత 51 పాటలు ఎన్నో చవక కంపెనీల చేతులు మారి, లెక్కలేనన్ని సంకలనాలుగా ఈనాటికీ వస్తూనే ఉన్నాయి. కొన్న శ్రోతకు పేరు ప్యాట్సీదే, పాట మాత్రం ఆమె కోరుకున్నది కాదు. డెక్కా సంకలనం వాటన్నిటికీ దూరంగా ఒక ఒడ్డు కట్టింది.

లెక్క తేలిన రోజు

ఎల్పీ వచ్చిన 1967 తొలి నెలల్లోనే లోరెట్టా లిన్ తన మొదటి నంబర్ వన్ అందుకుంది. అదీ డెక్కాయే, అదీ బ్రాడ్లీ నిర్మాణమే. 1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో సోలో గాయనిగా చేరిన తొలి మహిళ ప్యాట్సీ అయింది. 1980లో లోరెట్టా జీవితం మీద వచ్చిన ‘కోల్ మైనర్స్ డాటర్’ సినిమాలో ప్యాట్సీ పాత్ర కొత్త తరానికి ఆమెను పరిచయం చేసింది. 1985లో ‘స్వీట్ డ్రీమ్స్’ పేరుతో ఆమె కథే సినిమాగా వచ్చింది. జెస్సికా లాంజ్ నటించింది, గొంతు మాత్రం ప్యాట్సీ రికార్డులదే. సినిమా చూసి బయటికొచ్చిన జనం దుకాణంలో ప్యాట్సీ పేరు అడిగితే, అరలో చేతికందింది ఈ పన్నెండు పాటల సంకలనమే.

చార్టుల వెనక యంత్రాంగం కూడా కలిసొచ్చింది. అంతకుముందు చార్టులకు దుకాణాల వాళ్లను అడిగి లెక్క వేసేవారు. కొత్త రికార్డుల మాటే ఎక్కువగా చెప్పేవారు. 1991లో సౌండ్‌స్కాన్ వచ్చింది. కౌంటర్ దగ్గర బార్‌కోడ్ చదివిన ప్రతి అమ్మకమూ నమోదైంది. పాత ఆల్బములకు వేరే చార్టు పెట్టారు. ఇన్నేళ్లూ చప్పుడు లేకుండా అమ్ముడవుతున్నది ఎవరిదో అప్పుడు బయటపడింది. 1992 అధ్యక్ష ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో ‘క్రేజీ’ని తన ప్రచార గీతం చేసుకున్నాడు. 1993లో తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. 2003లో ‘క్రేజీ’ అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో చేరింది.

భారతదేశంలో పాతకాలపు ఇంగ్లిష్ పాటలు వినే ఇళ్లలో జిమ్ రీవ్స్ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆయనా నాష్‌విల్ సౌండ్ గాయకుడే, ఆయనా 1964లో విమాన ప్రమాదంలోనే పోయాడు. ఇద్దరూ విడివిడిగా పాడిన టేపులను జోడించి 1981లో ఒక యుగళగీతం తయారుచేశారు. రీవ్స్ ద్వారా ప్యాట్సీని విన్న భారతీయ శ్రోతలకు ఆమె దగ్గరికి దారి అదే.

కెనడా గాయని కె.డి. లాంగ్ తన బ్యాండుకు ‘రీక్లైన్స్’ అని పేరు పెట్టుకుంది, క్లైన్ మీద గౌరవంతో. 1988లో విశ్రాంతిలో ఉన్న ఓవెన్ బ్రాడ్లీని వెతుక్కుంటూ వెళ్లి తన ‘షాడోలాండ్’ ఆల్బం ఆయన చేత చేయించుకుంది. విన్‌చెస్టర్‌లో సౌత్ కెంట్ వీధిలోని ఆ చిన్న ఇల్లు 2011 నుంచి సందర్శకులకు తెరిచి ఉంది. ఊళ్లో కలవారు ఒకప్పుడు ఈ కమ్మరి కూతురిని తమలో కలుపుకోలేదు. ఇప్పుడు ఊరి దారికి ఆమె పేరుంది. నాష్‌విల్‌లో 2017లో ఆమె మ్యూజియం మొదలైంది.

కొత్తగా వినాలనుకునేవారికి ఈ పన్నెండు పాటలే మంచి మొదలు. పాటలు విడివిడిగా ఎంచుకోకుండా, ఎల్పీలో ఉన్న వరసలోనే వినాలి. తర్వాత 1957 నాటి ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ వెతికి పక్కన పెట్టుకోవాలి. అందులో కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ బృందంలో వాయించిన డాన్ హెల్మ్స్ స్టీల్ గిటార్ గీరుకుంటూ వెంటపడుతుంది, గొంతులో 24 ఏళ్ల పిల్ల దూకుడు ఉంటుంది. 1961 నాటిదాంట్లో అదే బాణీని అదే గాయని తొందర లేకుండా, ఒక్కో మాటను నిలిపి నిలిపి పాడుతుంది. మధ్యలో గడిచింది ఐదేళ్లు కూడా కాదు. ఆ రెండు రికార్డింగుల మధ్య తేడాలో ఫోర్ స్టార్ కాగితం, రేకుల షెడ్డు, బ్రాడ్లీ ఓర్పు, నుదుటి మీద గాయం అన్నీ ఉన్నాయి.